కలుగు కనబడకుండానే కలుగుకి కాపలా: ఫిడ్లర్ పీత ఎప్పుడు పరుగెత్తాలో ఎలా తేల్చుకుంటుంది?

#1 · బురదనేల

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఒక విషయం బుర్ర తొలిచేస్తోంది, ఇక్కడ పీతల సంగతి తెలిసినవాళ్ళు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా.

ఆటు వేళ నీళ్ళు వెనక్కి తగ్గాక బురద మీదకి వచ్చే ఫిడ్లర్ పీతలు తెలుసు కదా, మగదానికి ఒక డెక్క ఒంటికి మించి ఉంటుంది, అవే. వరసగా మూడు రోజులు ఒకే మగ పీత ఎదురుగా కదలకుండా కూర్చున్నా. కలుగు నుంచి జానెడు దూరం వచ్చి చిన్న డెక్కతో బురద గిల్లి నోట్లో పెట్టుకుంటుంది, తినడానికి పనికొచ్చేది తీసుకుని మిగతాది చిన్న ఉండలా చేసి కింద వదిలేస్తుంది, మళ్ళీ గిల్లుతుంది. పెద్ద డెక్క తిండికి పనికిరాదు, ఆ చిన్నదే దిక్కు.

రెండో రోజు ఇంకో పీత దీని పక్కనుంచే, కాలికి కాలు తగిలేంత దగ్గరగా వెళ్ళింది. ఇది పట్టించుకోనే లేదు, తింటూనే ఉంది. కాసేపటికి కలుగుకి అవతలి వైపు నుంచి మరొకటి, దీనికి మూరెడు పైనే దూరంలో, నెమ్మదిగా వస్తోంది. అంతే, నోటి దాకా తెచ్చిన బురద కూడా వదిలేసి ఒక్క ఉదుటున కలుగు దగ్గరికి పరుగెత్తి, పెద్ద డెక్క అడ్డం పెట్టి నిలబడింది. ఒంటికి తగిలేంత దగ్గరకొచ్చినదాన్ని వదిలేసి అంత దూరంలో ఉన్నదాన్ని చూసి పరుగెందుకు? యాదృచ్ఛికం అనుకున్నా, కానీ మూడో రోజు కూడా అచ్చం అలాగే జరిగింది.

#2 · లోతుచూపు

ఇందులో అంత మర్మం ఉందని నాకనిపించడం లేదండీ. కంటికి ఏదైనా పెద్దగానో వేగంగానో కదిలితే పరుగు, లేకపోతే లేదు. చాలా చిన్న జీవుల్లో ఇంతే. ఆ రెండోది కాస్త పెద్ద పీత అయ్యుంటుంది, లేదా మీరే కొంచెం కదిలి ఉంటారు.

#3 · బురదనేల

లేదండీ, రెండో పీతే చిన్నది, అది నాకు బాగా గుర్తు. పైగా దూరంలో ఉంది కాబట్టి దీని కంటికి ఇంకా చిన్నగా కనబడాలి. నేను కదిలితే చుట్టుపక్కల పీతలన్నీ ఒకేసారి మాయమైపోతాయి, ఇక్కడ ఈ ఒక్కటే పరుగెత్తింది.

#4 · కలుగుకాపరి

బురదనేల గారూ, మీరు చూసింది యాదృచ్ఛికం కాదు. సరిగ్గా ఈ ప్రశ్న మీదే ఆస్ట్రేలియాలో యాన్ హెమ్మి, యోఖెన్ జైల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పనిచేశారు, 2003లో నేచర్ పత్రికలో వచ్చింది. ఊకా వోమెరిస్ అనే జాతి పీతలు బయట తింటుండగా, డమ్మీ పీతలని నేల మీద లాగుతూ అసలు పీత ఎప్పుడు పరుగు మొదలుపెడుతుందో రికార్డు చేశారు. (2016లో ఊకా అనే ప్రజాతిని చాలా ముక్కలు చేశారు కాబట్టి ఇప్పుడు దాని పేరు గెలాసిమస్ వోమెరిస్, వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకండి.)

తేలిందేంటంటే, పీత చూసుకునేది ‘వచ్చేవాడు నాకెంత దూరంలో ఉన్నాడు’ అని కాదు, ‘నా కలుగుకి ఎంత దూరంలో ఉన్నాడు’ అని. తాను ఎటు పక్క ఉన్నా ఈ లెక్క మారదు. మీ మొదటి పీత ఒంటికి దగ్గరగా వచ్చింది కానీ కలుగుకి దూరంగా పోతోంది. రెండోది ఒంటికి దూరం, కలుగుకి దగ్గర. ఇల్లు పోతుందన్న భయం రెండోదానితో ఉంది, మొదటిదానితో లేదు.

కలుగంటే దానికి ఎంత అవసరమో కూడా చెప్పుకోవాలి. పిట్ట వస్తే దూరేది అందులోకే, మొప్పలు తడుపుకునే నీళ్ళు దొరికేది అందులోనే, ఎండ నుంచి తప్పించుకునేది అక్కడే, చాలా జాతుల్లో జత కట్టేది కూడా అక్కడే. పోటు వచ్చే ముందు మూతికి బురద బిళ్ళ బిగించి లోపల ఉండిపోతుంది. చుట్టూ కలుగు లేని పీతలు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి, యజమాని కాస్త ఏమరుపాటుగా ఉంటే దూరిపోతాయి. అలాగని కనబడ్డ ప్రతి పీతకీ పరుగెత్తుకొస్తే తినేదెప్పుడు? ఆటు ఉన్న ఆ కొన్ని గంటలే దాని భోజన సమయం. అందుకే ఎప్పుడు పరుగెత్తాలి, ఎప్పుడు వదిలెయ్యాలి అన్నది దానికి చావుబతుకుల లెక్క.

#5 · లోతుచూపు

సరే, కలుగుకి దూరమే లెక్క అనుకుందాం. కానీ దానికి అంత తెలివి అక్కర్లేదు కదా. కలుగు కనబడుతుంది, వచ్చే పీత కనబడుతుంది, మధ్య ఖాళీ తగ్గితే పరుగు. చూపుతోనే అయిపోయింది.

#6 · లెక్కలపురుగు

కలుగు కనబడదండీ, అసలు సమస్య అదే. లెక్క వేసి చూపిస్తా, నాకు ఇలాంటివంటే ప్రాణం.

పీత కన్ను నేలకి 2.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. కలుగు మూతి 2 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల దూరంలో ఉంది. అంత తక్కువ ఎత్తు నుంచి ఏటవాలుగా చూస్తే ఆ మూతి కంటికి నిలువున 0.3 డిగ్రీల సన్నటి గీత, అంతే. అదే దూరంలో 2 సెంటీమీటర్ల ఎత్తున్న పీత నిలబడితే దాదాపు 4 డిగ్రీలు ఉంటుంది. బురద మీద గుంటలూ ఉండలూ కాలి గుర్తులూ ఎన్నో, వాటి మధ్య 0.3 డిగ్రీల నల్ల గీతని ఆ కన్ను విడదీసి చూడలేదు. బోర్లా పడుకుని గడ్డం నేలకి ఆనించి, గదికి అవతల గచ్చు మీద పెట్టిన కాగితాన్ని చూడండి, మీకే అర్థమవుతుంది.

#7 · బురదనేల

ఇప్పుడే పడుకుని చూశా. నిజమే, కాగితం ఉందని తెలుసు కాబట్టి ఉందనిపిస్తోంది గానీ కనబడటం లేదు. మరి కనబడని కలుగుకి ఎవరెంత దూరంలో ఉన్నారో దానికెలా తెలుస్తుంది?

#8 · కలుగుకాపరి

రెండు వేర్వేరు జ్ఞానాలని కలుపుకుంటుంది. ఒకటి ఒంట్లో ఉన్నది, ఒకటి కంట్లో ఉన్నది.

ఒంట్లో ఉన్నదాన్ని పాత్ ఇంటిగ్రేషన్ అంటారు, మనం దారి లెక్క అనుకుందాం. కలుగు నుంచి బయల్దేరిన దగ్గర్నుంచీ వేసిన ప్రతి అడుగునీ తిరిగిన ప్రతి మలుపునీ లోపల కూడుకుంటూ, ‘ఇల్లు ఇటు, ఇంత దూరం’ అన్న ఒకే జవాబుని ఎప్పటికప్పుడు సరిచేసుకుంటూ ఉంటుంది. తింటూ ఎటు తిరిగినా ఒంటి పక్క భాగాన్ని కలుగు వైపే ఉంచుకోవడం మీరు గమనించే ఉంటారు. పీత పరుగు పక్కకే కదా, అంటే ఇల్లెప్పుడూ పరుగు దారిలోనే ఉంటుందన్నమాట.

ఇది చూపు కాదు, అడుగుల లెక్కే అని చూపించిన ప్రయోగాలు చాలా బాగుంటాయి. పీత నిలబడ్డ చోట కింద పలకలాంటిది ఉంచి, దాన్ని మెల్లగా పక్కకి జరిపితే, పీత పరుగెత్తి కలుగు ‘ఉండాల్సిన’ చోటికి వెళ్ళి అక్కడ వెతుక్కుంటుంది. పక్కనే అసలు కలుగు ఉన్నా దానికి తెలియదు. 2009లో ఇంకొకటి వచ్చింది, జాన్ లేన్ బృందానిది. పీతకీ కలుగుకీ మధ్య జారుడు ప్లాస్టిక్ షీటు పరిచారు. దాని మీద కాళ్ళు జారి, వేసిన అడుగులు వేసినట్టే లెక్కకొచ్చాయి గానీ ఒళ్ళు అంత ముందుకి రాలేదు. పీత కలుగుకి ముందే ఆగిపోయింది, ఇల్లు వచ్చేసిందనుకుని. చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది, నిజంగా.

#9 · లోతుచూపు

ఇది నాకు తెలియదు. జారుడు షీటు సంగతి చదివాక చూపుతోనే అంతా అయిపోతుందన్న నా మాట నిలవదు, ఒప్పుకుంటున్నా. కానీ రెండో సగం మిగిలింది. కలుగు ఎక్కడుందో గుర్తుంది సరే, వచ్చే పీత ఎంత దూరంలో ఉందో ఎలా తెలుస్తుంది? దాని రెండు కళ్ళూ పక్కపక్కనే కాడల మీద ఉంటాయి, మనలా రెండు కళ్ళతో దూరం అంచనా కట్టడానికి ఆ ఎడం చాలదు. సైజు చూసి చెప్పలేదు, పీతలు రకరకాల సైజుల్లో ఉంటాయి.

#10 · లెక్కలపురుగు

లోతుచూపు గారూ, మంచి ప్రశ్న, జవాబు అంతకంటే బాగుంటుంది. బురద నేల చదునుగా ఉండటమే జవాబు.

చదును నేల మీద నిలబడ్డవాడికి దిగంత రేఖ సరిగ్గా కంటి ఎత్తులో ఉంటుంది. నేల మీద ఏ వస్తువు పాదం అయినా ఆ రేఖకి కిందే కనబడుతుంది, దగ్గరైన కొద్దీ ఇంకా కిందకి దిగుతుంది. కాబట్టి ‘రేఖకి ఎన్ని డిగ్రీలు కింద’ అన్నది తెలిస్తే దూరం తెలిసినట్టే. అదే 2.5 సెంటీమీటర్ల కంటి ఎత్తుతో చూస్తే, 25 సెంటీమీటర్ల దూరంలో ఉన్న పీత పాదాలు రేఖకి 5.7 డిగ్రీలు కింద. 50 సెంటీమీటర్లైతే 2.9. మీటరైతే 1.4. దగ్గర్లో తేడా బాగా తెలుస్తుంది, దూరం పెరిగే కొద్దీ అన్నీ రేఖకి అతుక్కుపోయి తేడా తెలియదు. మీటరుకీ మీటరుంబావుకీ మధ్య 0.3 డిగ్రీల తేడా కూడా రాదు. ఈ పీతలు మామూలుగా కలుగు విడిచి మీటరు దాటి వెళ్ళవు కాబట్టి ఆ మాత్రం చాలు.

ఇందుకే వాటి కళ్ళు అలా ఉంటాయి. పొడుగాటి కాడల మీద నిటారుగా, చుట్టూ అంతా ఒకేసారి కనబడేలా, దిగంత రేఖ చుట్టూ ఉన్న సన్నటి పట్టీలో చూపు అన్నిటికంటే పదునుగా. ఒళ్ళు కాస్త ఒరిగినా కళ్ళని మాత్రం నిటారుగా నిలబెట్టుకుంటాయి, లేకపోతే ఈ లెక్కంతా తప్పిపోతుంది. రాళ్ళ మధ్యా చెట్ల వేళ్ళ మధ్యా బతికే పీతల కళ్ళు ఇలా ఉండవు, పొట్టి కాడల మీద ఎడంగా ఉంటాయి. జైల్, మరో ఇద్దరు కలిసి 1986లోనే పీతల కళ్ళని వాటి నివాసాలతో పోల్చి ఇది రాశారు. నేల ఎలా ఉంటే కన్ను అలా ఉంది.

ఇప్పుడు రెండూ కలపండి. కలుగు కుడి పక్క 40 సెంటీమీటర్లు, ఇది గుర్తున్న సంగతి. వచ్చే పీత అదే దిక్కున 50 సెంటీమీటర్లలో ఉంది, ఇది కంటికి తెలిసిన సంగతి. అంటే అది కలుగుకి 10 సెంటీమీటర్లలోకి వచ్చేసింది, పరుగు! ఎడమ పక్క 15 సెంటీమీటర్లలో ఉంటే? ఒంటికి చాలా దగ్గర, కానీ కలుగుకి 55 దూరం, తింటూ ఉండొచ్చు. బురదనేల గారు చూసిన రెండు పీతలూ ఇవే.

#11 · వెన్నెలరేవు

చాలా రోజులుగా మౌనంగా చదువుతుంటా, ఇవాళ ఆగలేకపోయా. అంత చిన్న మెదడు ఇలా త్రిభుజాలు కడుతుందంటే నమ్మబుద్ధి కావడం లేదు, ఆనందంగానూ ఉంది.

#12 · కలుగుకాపరి

త్రిభుజం కట్టక్కర్లేదు వెన్నెలరేవు గారూ, నాకు అర్థమైనంతలో చెబుతా. ఒంటి పక్క భాగం ఎప్పుడూ కలుగు వైపే ఉంటుందన్నాను కదా. దాంతో కలుగు ఉన్న చోటు కంట్లో ఎప్పుడూ ఒకే పక్కన ఉంటుంది. దిక్కు అలా స్థిరపడింది కాబట్టి మారేది ఎత్తు ఒక్కటే. ఇంటికి దగ్గరగా ఉంటే ‘ఇక్కడ ఏదైనా కదిలితే పరుగు’ అన్న ప్రమాదపు మచ్చ కంట్లో కిందకి, దూరం వెళ్తే పైకి, రేఖ దగ్గరికి. దారి లెక్క ఆ మచ్చని పైకీ కిందకీ జరుపుతూ ఉంటే చాలు, ఎవరైనా అందులో అడుగుపెట్టగానే కాళ్ళు కదులుతాయి. కూడికలూ తీసివేతలూ పీత చెయ్యక్కర్లేదు, ఒంటిని నిలబెట్టుకున్న తీరే సగం లెక్క చేసిపెట్టింది.

#13 · వెన్నెలరేవు

ఇలా చెబితే నాకు స్పష్టంగా కనబడుతోంది. మరి పక్కింటి పీతల సంగతి? ఆ నేల మీద కలుగులు జానెడుకొకటి ఉంటాయి కదా, పక్క పీత తన కలుగు దగ్గర తిరుగుతుంటే కూడా ఇది ప్రతిసారీ పరుగెత్తుతుందా?

#14 · కలుగుకాపరి

లేదు, తెలిసిన పొరుగుతో చాలావరకు సర్దుకుపోతాయి. పొరుగుదానికి ఇల్లుంది, దాని వల్ల ఇల్లు పోయే ప్రమాదం తక్కువ. తిరుగుబోతు పీతకే ఇల్లు కావాలి. అయితే పొరుగుని ఎలా గుర్తుపడుతుంది అంటే, ఊకా కాప్రికోర్నిస్ (ఇప్పుడు ట్యుబుకా కాప్రికోర్నిస్) అనే జాతిలో ఆడ పీతల వీపు మీద రంగుల మచ్చలు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటాయి. మగ పీతలు తెలిసిన పొరుగు ఆడ పీతనీ కొత్తదాన్నీ వేరుగా చూస్తాయి, వీపు రంగుల్ని బట్టి. 2006లో వచ్చిన పని ఇది.

ఇంకోటి, ఇది నాకు బాగా ఇష్టం. ఊకా మ్యోబెర్గి (ఇప్పుడు ఆస్ట్రుకా మ్యోబెర్గి) అనే చిన్న పీత ఉంది, ఉత్తర ఆస్ట్రేలియాలో. కొత్త మగ పీత వచ్చి చిన్న పొరుగు పీత మీద పడితే, పక్కనున్న పెద్ద మగ పీత తన కలుగు వదిలి వెళ్ళి పొరుగు తరఫున పోట్లాడుతుంది. ప్యాట్రిషియా బ్యాక్‌వెల్, మైకేల్ జెనియన్స్ 2004లో రాశారు. ఎప్పుడూ వెళ్ళదు, వచ్చినవాడు పొరుగుకంటే పెద్దగా, తనకంటే చిన్నగా ఉన్నప్పుడే. ఎందుకంటే పాత పొరుగు పోయి కొత్త బలశాలి పక్కన చేరితే సరిహద్దు తగాదా మళ్ళీ మొదట్నుంచి పెట్టుకోవాలి.

#15 · రెక్కలనీడ

నేను పక్షుల వైపు నుంచి వచ్చినవాణ్ణి, ఒక సందేహం. ఇదంతా నేల మీద వచ్చేవాళ్ళ గురించి. పిట్టలు పైనుంచి వచ్చినప్పుడు కూడా ‘కలుగుకి ఎంత దూరం’ అనే లెక్కే నడుస్తుందా?

#16 · లెక్కలపురుగు

అక్కడ ఆ లెక్క కుదరదు. పిట్ట పాదం నేల మీద లేదు. రేఖకి పైన ఉన్న మచ్చ దగ్గరి ఈగ కావచ్చు, దూరపు పిట్ట కావచ్చు, తేల్చే ఆధారం లేదు. కానీ రేఖ ఇంకో మేలు చేస్తుంది. కంటి ఎత్తుని మించినదేదైనా రేఖని దాటి పైకి పొడుచుకొస్తుంది, మించనిది కిందే ఉంటుంది. సాటి పీతలు కిందే, కొంగా పిట్టా మనిషీ పైన. రేఖకి పైన కదిలేది శత్రువు, కింద కదిలేది సాటి పీత. మైకేల్ ల్యాండ్, జాన్ లేన్ 1995లో ఇది చూపించారు.

#17 · కలుగుకాపరి

పిట్ట విషయంలో పీత అంచెలంచెలుగా స్పందిస్తుంది. ముందు ఉన్నచోటే బిగుసుకుపోతుంది, తర్వాత కలుగు మూతి దాకా పరుగు, చివరికి లోపలికి. కలుగుకి దూరంగా ఉన్న పీత ముందుగానే పరుగెత్తుతుంది, అది న్యాయమే, దారి ఎక్కువ కదా. విచిత్రం ఏంటంటే, హెమ్మి 2005లో రాసినదాని ప్రకారం, సూటిగా తన మీదకే వచ్చే డమ్మీ పిట్టకంటే పక్కనుంచి పోయేదానికి పీత ముందుగా కదులుతుంది. ప్రమాదం తక్కువున్నదానికి ముందు పరుగు! కారణం కంటి లెక్కే. సూటిగా వచ్చేది కంట్లో పెద్దగా జరగదు, ఒకే చోట నిలిచినట్టు ఉంటుంది. పక్కగా పోయేది కంట్లో వేగంగా జరుగుతుంది.

అలవాటు సంగతి కూడా ఉంది. ఒకే దారిలో అదే డమ్మీని పదేపదే లాగితే పీతలు దాన్ని పట్టించుకోవడం మానేస్తాయి. ఇంకో దిక్కు నుంచి లాగండి, మళ్ళీ పరుగే.

#18 · రెక్కలనీడ

నా చిన్న అనుభవం. కెమెరా పెట్టుకుని రోజూ ఒకే గట్టు మీద ఒకే చోట కూర్చునేవాణ్ణి. మొదట్లో అరగంట పట్టేది పీతలు బయటికి రావడానికి, వారం తిరిగేసరికి కూర్చున్న కాసేపటికే వచ్చేవి. ఒకరోజు ఎండ మొహాన పడుతోందని అవతలి గట్టుకి మారా. మళ్ళీ మొదటి రోజులాగే నేలంతా ఖాళీ. అప్పుడు నీడ వల్ల అనుకున్నా, ఇప్పుడు దిక్కు మారడం వల్లేనేమో అనిపిస్తోంది.

#19 · లోతుచూపు

ఒక్క మాట మాత్రం అడగాలనుంది. మనం ‘తేల్చుకుంటుంది’, ‘నిర్ణయిస్తుంది’ అంటున్నాం. ప్రమాదపు మచ్చలో ఏదో కదిలితే కాళ్ళు కదులుతాయి అన్నప్పుడు అది నిర్ణయమేనా? నేను వాదన కోసం అడగడం లేదు, నిజంగానే తెలుసుకోవాలని.

#20 · వెన్నెలరేవు

నాకు తోచింది చెబుతా. అదే పీత, అదే కదలిక, అదే సైజు, ఒకసారి పరుగెత్తుతుంది, ఒకసారి తింటూ ఉంటుంది. తేడా బయట లేదు, ఇల్లెక్కడుందన్న దాని జ్ఞాపకంలో ఉంది. తన జ్ఞాపకాన్ని బట్టి చూపుకి అర్థం మార్చుకునేదాన్ని నిర్ణయం అనడానికి నేను వెనకాడను.

#21 · లోతుచూపు

మీరు చెప్పిన తీరు నచ్చింది. దారి లెక్క తప్పితే కాపలా కూడా తప్పాలి అన్నది దీన్నుంచే వస్తుంది కదా, అంటే జరిపిన పీత తాను నమ్ముకున్న తప్పుడు చోటికే కాపలా కాయాలి. రెండో పోస్టులో నేను రాసినది తొందరపాటు. బురదనేల గారూ, మీరు చూసింది సరైనదే.

#22 · బురదనేల

అందరికీ చాలా థాంక్స్. ఇవాళ ఆటు వేళ మళ్ళీ వెళ్ళొచ్చా. ఈసారి పీత సైజులో ఒక గవ్వకి సన్న దారం కట్టి తీసుకెళ్ళా, దూరంగా పడుకుని మెల్లగా లాగడానికి. మనిషిని నేను రేఖకి పైన ఉంటానని ఇప్పుడు తెలుసు కాబట్టి కూర్చోకుండా బోర్లా పడుకున్నా, బట్టలన్నీ బురదే.

గవ్వని పీత ఒంటి పక్కనుంచి, కలుగుకి దూరంగా లాగితే చాలాసార్లు తింటూనే ఉంది. కలుగుకి అవతలి వైపు నుంచి కలుగు మీదకే లాగితే, గవ్వ మూతికి బెత్తెడు దూరంలోకి వచ్చేసరికి పరుగెత్తుకొచ్చింది. కలుగు పక్కనుంచి వెళ్ళిపోయేలా లాగినప్పుడు ఒకసారి చిన్న డెక్క గాల్లోనే ఆపేసి చూసింది, గవ్వ దాటిపోయాక ఆ బురద నోట్లో పెట్టుకుంది. ఎక్కువసేపు విసిగించడం ఇష్టం లేక నాలుగైదు సార్లతో ఆపేశా.

వచ్చేసేముందు పోటు మొదలైంది. నీళ్ళు ఇంకా కొంచెం దూరంలో ఉండగానే అది బురద ముద్ద ఒకటి కాళ్ళతో దగ్గరికి లాక్కుని, ఒంటిని పక్కకి తిప్పి లోపలికి దిగుతూ, ఆ ముద్దని మూతి మీదకి సర్దుకుంది. లోపల్నుంచి రెండుసార్లు కదిలింది ఆ బిళ్ళ, తర్వాత కదల్లేదు.